అరవై రెండు వెన్నుపూసలు

ఎముకలాయన రిటైరై ఆరేళ్ళయింది గాని, ఆ కబురు ఆయన కాళ్ళకింకా అందలేదు. పొద్దున పది కొట్టేసరికి అవి ఆయన్ని మోసుకొచ్చి మ్యూజియం రెండో హాల్లో, డాల్ఫిన్ కింద నిలబెడతాయి. వాచ్‌మన్ టికెట్ అడగడు. ఒకసారి అడిగిన పాపానికి గంటసేపు ఉపన్యాసం విన్నాడు. అది చాలు అనుకున్నాడు.

ఆ డాల్ఫిన్ పైకప్పు నుంచి సన్నటి ఉక్కు తీగల మీద వేలాడుతుంది. మూడు మీటర్ల పొడవు. కండ లేదు, చర్మం లేదు, ఉన్నవన్నీ ఎముకలే. అయినా మొదటిసారి చూసినవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు, నీళ్ళు మీద చిందుతాయేమోనని. నీళ్ళలోంచి పైకెగిరి, నడుము వంచి, ముక్కు కిందికి పెట్టి మళ్ళీ మునగబోతున్న క్షణంలో దాన్ని ఎవరో పట్టి ఆపేసినట్టుంటుంది. అలా నిలబెట్టింది ఎముకలాయనే, అప్పుడాయనకి పాతికేళ్ళు. కింద ఇత్తడి పలక మీద చెక్కి ఉంటుంది: బాటిల్‌నోస్ డాల్ఫిన్. ఒకే జంతువు. సంపూర్ణ అస్థిపంజరం.

"ఇది చేప కాదు తల్లీ," అని మొదలుపెడతాడు, ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ళతో. "చేప తోకని పక్కలకి ఊపుతుంది, ఇది పైకీ కిందికీ ఊపుతుంది. పిల్లకి రెండేళ్ళ దాకా పాలిస్తుంది. ఈ రెక్క చూడండి, లోపల అయిదు వేళ్ళున్నాయి. మీ చెయ్యీ నా చెయ్యీ లాంటిదే, పైన తొడుగేసుకుందంతే. మెడలో ఏడు పూసలు, మనకీ ఏడే. కింది దవడ లోపల బోలు, అందులో కొవ్వు. శబ్దం ఆ దవడలోంచే లోపలికి పోతుంది. పడుకుంటే సగం మెదడే పడుకుంటుంది, మిగతా సగం కాపలా. ఇంకో సంగతి. ప్రతి పిల్లా తనకంటూ ఒక ఈల తయారుచేసుకుంటుంది. బతికినన్నాళ్ళూ అదే దాని పేరు. మనలాగా ఎవరో పెట్టేదాకా ఆగదు." ఇలా చెప్పుకుంటూ పోయి, చివర్లో పలకని వేలితో తట్టి ముగిస్తాడు: "ఇందులో పరాయి ఎముక ఒక్కటంటే ఒక్కటి లేదు."

ఆ చివరి మాట దగ్గర మాత్రం ఆయన గొంతు కాస్త పెరుగుతుంది. నిజం చెప్పేవాడికి గొంతు పెంచాల్సిన పనేముంది? కాని నలభై ఒక్కేళ్ళుగా ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

జరిగింది ఇది. ఆ డాల్ఫిన్ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఏడాది మ్యూజియంలో నీళ్ళ తొట్టి ఒక్కటే, అదీ చిన్నది. ఎముకలాయన తలనీ మొండాన్నీ తొట్టిలో నానబెట్టి, తోకని పెరట్లో ఇసుక గుంతలో పూడ్చాడు. ఇసుకలో పురుగులు మూడు నెలల్లో మాంసం తినేసి ఎముకల్ని శుభ్రంగా అప్పజెబుతాయి. మ్యూజియం మొత్తంలో అంత నమ్మకంగా పనిచేసేవాళ్ళు వేరే లేరు. ఇంతలో ఆయనకి పెళ్ళి కుదిరింది. పన్నెండు రోజులు సెలవు పెట్టి, పెళ్ళి చేసుకుని, కొత్త పెళ్ళికొడుకు నవ్వు మొహాన వేసుకుని తిరిగొచ్చి పెరట్లోకి వెళ్తే ఇసుక గుంత లేదు. దాని మీద నున్నటి సిమెంటు గచ్చు ఉంది. సిబ్బంది స్కూటర్లు పెట్టుకోవడానికట. కంట్రాక్టరు పోసేసి చేతులు దులుపుకుని పోయాడు. అప్పటి డైరెక్టరు దగ్గరికి పరుగెత్తితే ఆయన ఫైల్లోంచి తలెత్తకుండా, "తొమ్మిది రోజుల్లో మంత్రిగారొచ్చి హాలు ప్రారంభిస్తున్నారు. ఆయనొచ్చేసరికి పెరడు తవ్వి ఉండకూడదు. డాల్ఫిన్‌కి తోక ఉండాలి," అన్నాడు.

సామాన్ల గదిలో ఇంకో డాల్ఫిన్ ఎముకలున్నాయి. ఎప్పుడో ఇంకో తీరం నుంచి పెట్టెలో వచ్చినవి. అది కాస్త చిన్నది, ముక్కు కాస్త సన్నం. అయితేనేం, అప్పటి పుస్తకాల్లో బాటిల్‌నోస్ అంటే లోకం మొత్తానికీ ఒకటే జాతి. ఒకే ఇంట్లో పొడుగన్న, పొట్టితమ్ముడు ఉండరా? ఎముకలాయన ఆ పెట్టెలోంచి ఇరవై ఒక్క పూసలు తీశాడు. మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించి, తలెత్తి చూసి "ఆహా" అన్నారు. పలక బిగించారు. "ఒకే జంతువు" అన్న ముక్క డైరెక్టరు సొంతంగా చేర్చింది. ఎముకలాయన నోరు తెరవబోయాడు గాని, పక్కన కొత్త పెళ్ళాం కళ్ళింతలు చేసుకుని గర్వంగా చూస్తుంటే మూసేసుకున్నాడు. ఒకసారి మూసుకున్న నోటిని మళ్ళీ తెరవడం తేలిక కాదు. నెల గడిస్తే ఇబ్బంది, పదేళ్ళు గడిస్తే అసాధ్యం, ఆ తర్వాత అదే చరిత్ర.

భార్యకి మాత్రం ఆ వారంలోనే చెప్పేశాడు. "నన్ను తెచ్చుకుని తోక పోగొట్టుకున్నారన్నమాట," అని ఆవిడ నవ్వింది. ఆ మాట ఆ ఇంట్లో స్థిరపడిపోయింది. ఆయన గొడుగు మర్చిపోయి వచ్చినా, కళ్ళజోడు ఎక్కడో పెట్టి వెతుక్కున్నా, "మళ్ళీ తోక పోయిందా?" అంటుంది.

తర్వాత కొన్నాళ్ళకి పండితులు పుర్రెలు కొలిచి, పరీక్షలు చేసి, బాటిల్‌నోస్ ఒకటి కాదు, రెండు జాతులని తేల్చారు. పెద్దదాని పేరు ట్రంకేటస్. ముక్కు పొట్టి, మొద్దు. వెన్నుపూసలు అరవై నాలుగుకి తగ్గవు. చిన్నదాని పేరు అడంకస్. ముక్కు సన్నం, పొడుగు, పళ్ళు ఎక్కువ. వయసొచ్చాక పొట్ట మీద మచ్చలొస్తాయి. పూసలు అరవై రెండు దాటవు. ఈ వార్త చదివిన రోజు ఎముకలాయనకి అన్నం సహించలేదు. హాల్లోకెళ్ళి డాల్ఫిన్ ముక్కు చూశాడు, తోక చూశాడు. ఒక జాతి తలకి ఇంకో జాతి తోక తగిలించానని అప్పుడు తెలిసింది. ఎంత పని లేనివాళ్ళైనా నిచ్చెనెక్కి పూసలు లెక్కపెడతారా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

లెక్కపెట్టే మనిషిని ఆయనే తయారుచేసుకున్నాడు. అక్క కూతురు. చిన్నప్పుడు ఆ పిల్లని భుజాలమీద ఎక్కించుకుని ఈ హాల్లోనే తిప్పేవాడు. ఒకట్లు రెండ్లు నేర్చుకున్నది డాల్ఫిన్ పక్కటెముకల మీద. పెరిగి పెద్దదై, చదువుకుని, పద్నాలుగు నెలల కిందట అదే మ్యూజియానికి క్యూరేటరుగా వచ్చింది. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. మావయ్య ఇల్లు రెండు వీధుల అవతలే కాబట్టి మధ్యాహ్నం భోజనం అక్కడే.

ఒక సోమవారం ఆమె చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటూ, "మావయ్యా, మీ డాల్ఫిన్ నన్ను పద్నాలుగు నెలలు మోసం చేసింది," అంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఎముకలాయన చెయ్యి దానంతటదే కళ్ళజోడు మీదికి పోయింది. "ఏం చేసిందమ్మా పాపం?"

"తల చూస్తే ట్రంకేటస్. ముక్కు మొద్దు, పళ్ళ గుంటలు వరసకి ఇరవై రెండు. అనుమానమే లేదు. కాని వెన్నుపూసలెన్నో తెలుసా? అరవై రెండు. ఏడుసార్లు లెక్కపెట్టాను. ట్రంకేటస్‌కి అరవై రెండుండవు మావయ్యా."

"పాతబడింది కదమ్మా. రెండు మూడు అరిగి కలిసిపోయుంటాయి."

"కలిసిపోవడానికి అవేమన్నా చాక్లెట్లా?" ఆమె కంచం దగ్గరికి లాక్కుంది. కళ్ళు మెరిసిపోతున్నాయి. "నాకేమనిపిస్తోందో చెప్పనా? అది రెండు జాతులకీ పుట్టిన బిడ్డ. తండ్రి పెద్ద జాతి, తల్లి చిన్న జాతి. అలాంటివి పుడతాయి, నీళ్ళ పార్కుల్లో పుట్టాయి కూడా. కాని సముద్రంలో పుట్టి పెరిగినదాని అస్థిపంజరం, ఒక్క ఎముక పోకుండా, ఇలా మన హాల్లో వేలాడుతోందంటే! వ్యాసం రాసేశాను. ప్రొఫెసరు గారికి పంపితే ఆవిడ గురువారం స్వయంగా వస్తానన్నారు. తోకలోంచి చిటికెడు పొడి తీసుకెళ్ళి పరీక్ష చేయిస్తే చాలు, అందులో తల్లి జాతే కనబడుతుంది. డైరెక్టరు గారు కూడా ఇది తేలితే ఉద్యోగం సంగతి చూసుకుంటానన్నారు."

"తోకలోంచే ఎందుకు? తలలోంచి తీయొచ్చుగా?"

"తల అందరూ చూసేది. చిల్లు పెడితే బాగుంటుందా? ఒకే జంతువు కదా మావయ్యా, ఎక్కణ్ణుంచి తీస్తే ఏం?"

భార్య వడ్డించడం ఆపి భర్త వంక చూసింది. ఆయన మంచినీళ్ళ గ్లాసు వంక చూశాడు.

ఆ మధ్యాహ్నం ఎముకలాయన వాలుకుర్చీలో పడుకుని లెక్క వేసుకున్నాడు. తోక పరీక్ష చేస్తే ఏమొస్తుంది? అడంకస్ అనే వస్తుంది. తల ట్రంకేటస్‌దే. అంటే మేనకోడలు రాసింది అక్షరాలా నిజమని తేలుతుంది. పిల్లకి పేరొస్తుంది, ఉద్యోగం ఖాయమవుతుంది, హాల్లో పలక చెక్కుచెదరదు. దీనికంతటికీ ఆయన చెయ్యాల్సింది ఒక్కటే, నోరు మూసుకుని కూర్చోవడం. ఆ విద్యలో ఆయనకి నలభై ఒక్కేళ్ళ అనుభవం ఉంది.

"అందరికీ మంచే జరుగుతుంది కదే," అన్నాడు, భార్య అడగకుండానే.

"జరుగుతుంది," అందావిడ బట్టలు మడతపెడుతూ. "ఇంకెవరో వచ్చి తలకి కూడా చిల్లు పెట్టేదాకా."

"అప్పటికి నేనుంటానా ఏంటి?"

"మీరుండరు. పిల్ల ఉంటుంది."

ఎముకలాయన ఇక కుర్చీలో ఉండలేకపోయాడు.

మంగళవారం చెప్పేద్దామని వెళ్ళాడు. మేనకోడలు సామాన్ల గదిలో పాత పెట్టెలకి చీటీలు అతికిస్తోంది. చిన్న డాల్ఫిన్ పెట్టె మీద చీటీ ఆయన కళ్ళ ముందే ఉంది: "తోక పూసలు లేవు. పాత సిబ్బంది అజాగ్రత్త." ఎముకలాయన ఆ పాత సిబ్బంది తరఫున ఒకసారి దగ్గి, గోడవైపు తిరిగాడు. ఒక డాల్ఫిన్‌కి తోక లేదు, ఇంకోదానికి తోక సరిపోవడం లేదు. పక్కపక్కన పెట్టి చూస్తే చంటిపిల్లకైనా తెలిసిపోతుంది. ఇంత తెలివైన పిల్లకి ఎందుకు తెలియలేదో ఆయనకి అర్థమైంది. మావయ్య పరాయి ఎముక పెట్టడన్నది ఆమె అంకెలకన్నా ముందు నేర్చుకున్న పాఠం. ఆ రోజు ఏమీ చెప్పకుండానే ఇంటికొచ్చేశాడు.

బుధవారం మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఆమె వ్యాసం చేతికిచ్చి, "మొదటి పేజీ చదవండి," అంది. అక్కడ ఒక వాక్యం ఉంది: "ఈ అస్థిపంజరాన్ని ఎంతో నిజాయితీగా కూర్చిన మా మావయ్యకి కృతజ్ఞతలు." ఎముకలాయన దాన్ని మూడుసార్లు చదివాడు. కక్కలేక మింగలేక, "నిజాయితీ అన్నది పెద్ద మాటేమోనమ్మా," అన్నాడు.

"మీరెప్పుడూ ఇంతే," అని ఆమె నవ్వి కాగితం లాక్కుంది.

గురువారం పొద్దున ప్రొఫెసరు గారు వచ్చారు. పొట్టిగా కత్తిరించిన నెరిసిన జుట్టు, చేతిలో పళ్ళ డాక్టరు పెట్టెలాంటి పెట్టె. డైరెక్టరు గారు టై సర్దుకుంటూ వెనకాలే ఉన్నాడు. మేనకోడలు నిచ్చెన పక్కన నిలబడి తల దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒక్కో కొలతా చెబుతుంటే ప్రొఫెసరు గారు తలాడిస్తూ, మధ్యమధ్య మంచి ప్రశ్నలు వేస్తూ విన్నారు. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు ఎముకలాయన ఎప్పుడూ చూడలేదు. హాలు చివర స్తంభం పక్కన నిలబడి, ఈ వెలుగు ఆర్పే పని నాకెందుకు పెట్టావు దేవుడా అనుకున్నాడు. మరుక్షణం, నాకు ఎవడూ పెట్టలేదు, నేనే పెట్టుకున్నాను అని కూడా అనుకున్నాడు.

ప్రొఫెసరు గారు పెట్టె తెరిచి చిన్న డ్రిల్లు బయటికి తీశారు. నిచ్చెన మీద కాలు పెట్టబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, స్తంభం వైపు తిరిగారు. "దీన్ని కూర్చింది మీరేనటగా. చాలా బాగా చేశారు. ఎక్కడ చిల్లు పెడితే మీ మనసుకి కష్టంగా ఉండదో మీరే చెప్పండి."

మర్యాదకి అడిగిన మాట. తోకలో పెట్టండి మేడమ్ అని అంటే సరిపోయేది. ఎముకలాయన అదే అన్నాడు.

"తోకలో పెట్టండి మేడమ్. నాకేం కష్టంగా ఉండదు. అది దీనిది కాదు."

డైరెక్టరు గారే ముందుగా తేరుకుని, "దీనిది కాదంటే?" అన్నాడు.

ఎముకలాయన చెప్పేశాడు. తొట్టి, ఇసుక గుంత, పెళ్ళి, సిమెంటు, మంత్రిగారు, పెట్టెలో చిన్న డాల్ఫిన్, అన్నీ. వరసగా చెప్పాలనుకున్నాడు గాని పెళ్ళి ముందుకొచ్చి, తొట్టి వెనక్కి పోయి, సిమెంటు రెండుసార్లొచ్చింది. నలభై ఒక్కేళ్ళు లోపల నిలవున్న మాటలు కదా, తోసుకుంటూ వచ్చాయి.

డైరెక్టరు గారు కిటికీలోంచి పెరట్లోకి చూశాడు. ఇప్పుడక్కడ స్కూటర్లు లేవు, ఆయన కారుంది. "అయితే అసలు తోక..."

"మీ కారు కిందే ఉండాలి సార్."

"ఇంతకాలం మ్యూజియంలో ఇంత మోసం జరుగుతుంటే..."

"మోసం ఆ పలకలో ఉంది సార్. ఆ మాట ఒప్పుకుంటాను, అది తప్పని ఒక్కరోజు కూడా చెప్పలేదు, అదీ ఒప్పుకుంటాను. కాని ఎముకల్లో మోసం లేదు. నేను అతికించిన రోజున రెండూ ఒకటే జాతి. తర్వాత విడదీసింది ఈ మేడమ్‌గారి లాంటి పండితులు."

ప్రొఫెసరు గారికి నవ్వాగలేదు. నిచ్చెన పట్టుకుని, డ్రిల్లు కింద పెట్టి, కళ్ళు తుడుచుకుని మరీ నవ్వారు. "ఈయన్ని ఏమీ అనకండి డైరెక్టరు గారూ. ట్రంకేటస్ అన్న పేరెలా వచ్చిందో తెలుసా? పళ్ళు పైన తెగ్గోసినట్టున్నాయని. ఆ పేరు పెట్టినాయనకి దొరికిన డాల్ఫిన్ ముసలిది, పళ్ళు అరిగిపోయాయి. ఆ అరుగుదలని ఆయన జాతి లక్షణం అనుకున్నాడు. రెండొందల ఏళ్ళు దాటినా మనం ఆ పొరపాటునే పేరు పెట్టి పిలుస్తున్నాం."

డైరెక్టరు గారు కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని. నవ్వనిది ఒక్కరే. మేనకోడలు కాగితాలన్నీ సర్ది, అంచులు సమానంగా తట్టి, ఫైల్లో పెట్టి రబ్బరుబ్యాండు వేసింది. "క్షమించండి మేడమ్. మీ ప్రయాణం వృథా అయింది," అని ఎవరి వైపూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

ప్రొఫెసరు గారు పెట్టె మూస్తూ ఎముకలాయనతో నెమ్మదిగా అన్నారు. "చెప్పి మంచిపని చేశారు. కాని నేను రాకముందే చెప్పుంటే ఆ అమ్మాయికి మా అందరి ముందూ ఇలా నిలబడే గతి పట్టేది కాదు."

ఆవిడ వెళ్ళిపోయిన చాలాసేపటికి కూడా ఎముకలాయన అక్కడే ఉన్నాడు. సిగ్గుగా ఉంది. మామూలు సిగ్గు కాదు, ఈ వయసులో ఇంత సిగ్గు పడగలనని ఆయన అనుకోలేదు. పలక పోయినందుకు కాదు. చెప్పాల్సిన మాట చెప్పడానికి కూడా పిల్లని నలుగురి ముందు నిలబెట్టినందుకు.

శుక్రవారం మధ్యాహ్నం మేనకోడలు భోజనానికి రాలేదు. భార్య మూడు కంచాలు పెట్టి, ఒకటి తీసేసింది. శనివారం కూడా అంతే. ఆదివారం ఎముకలాయన ఫోను చేస్తే ఎత్తలేదు. సోమవారం ఆయన మ్యూజియం వైపు వెళ్ళలేదు. ఇంట్లో కూర్చుని మూడు గడియారాలు విప్పి, రెండింటిని మళ్ళీ బిగించాడు. భార్య ఈసారి తోక మాట ఎత్తలేదు. ఆవిడ ఎత్తకపోవడం ఎత్తినదానికన్నా బాధగా ఉంది.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. మేనకోడలు గుమ్మంలో నిలబడి, చెప్పులు విప్పకుండా, "బయల్దేరండి," అంది.

రెండు వీధులూ ఆమె ముందు, ఆయన వెనక. హాల్లో పలక ఉన్నచోట నాలుగు మరమేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి. డాల్ఫిన్ పక్కన రెండు నిచ్చెనలు వేసి ఉన్నాయి, ఒకదాని మీద టార్చిలైటు, కొలత పరికరం, నోటుబుక్కు.

"మొదటి రెండు రోజులూ ఏడ్చాను," అంది ఆమె. "మీకు తెలియాలని చెబుతున్నాను. మూడో రోజు నుంచి ఈ నిచ్చెన మీదే ఉన్నాను. రెండు డాల్ఫిన్లు ఎక్కడ కలిశాయో కనిపెట్టి, మీ మొహాన కొట్టినట్టు చెబుదామని. దొరకలేదు మావయ్యా. మీరు చెప్పాక కూడా దొరకలేదు. ఎక్కడ?"

ఎముకలాయన రెండో నిచ్చెన ఎక్కాడు. మోకాళ్ళు వద్దన్నాయి, ఆయన వినలేదు. డాల్ఫిన్ నడుము వంపు దాటాక ఒకచోట వేలు పెట్టాడు. "ఇది నలభై ఒకటి. ఇది దీనిది. పక్కది దానిది."

ఆమె మొదటి నిచ్చెన ఎక్కి టార్చి వేసి చూసింది. "కాదు," అంది. కొలత పెట్టి చూసింది. "రెండూ దాదాపు ఒకే లావున్నాయి. అది చిన్న జంతువు కదా, దాని పూస ఇంత లావెలా ఉంటుంది?"

"అంకెల ప్రకారం పెట్టలేదమ్మా, లావు ప్రకారం పెట్టాను. చిన్నదాని తోకలో అన్నిటికన్నా లావు పూసలు పెద్దదాని తోక మొదలుకి సరిపోతాయి. అక్కణ్ణుంచి పెట్టుకుంటూ పోయాను. ఇంకా మిగిలిన కొంచెం తేడాకి పూసల మధ్య బెండు బిళ్ళలు పెట్టాను, చూడు. అయిదింటిని ఒకదాన్ని మించి ఒకటి సన్నంగా చెక్కాను. చూపు వాటిమీద జారిపోవాలి, ఎక్కడా ఆగకూడదు."

"రంగు?"

"పెద్దది పాలిపోయి పసుపుగా ఉంది, చిన్నది తెల్లగా ఉంది. టీ నీళ్ళలో ముంచాను. ముంచడం, ఆరబెట్టడం, పోల్చుకోవడం, మళ్ళీ ముంచడం. మీ అత్తయ్య అప్పుడు ఇంట్లో కొత్త కోడలు, టీపొడి డబ్బా రోజూ ఖాళీ అవుతోందని భయపడింది."

"మరి ఈ వంపు?"

ఎముకలాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తిన్నగా వేలాడదీస్తే అతుకు తెలిసిపోతుంది. వంపులో పెడితే తెలియదు. అందుకని ఎగిరినట్టు పెట్టాను."

ఆమె కిందినుంచి పైదాకా ఆ వంపుని చూసింది. ఊరంతా వచ్చి మెచ్చుకునే వంపు.

చెబుతున్నకొద్దీ తన గొంతులో హుషారు పెరిగిపోతోందని ఎముకలాయనకి తెలుస్తూనే ఉంది. ఎంతమంది ఈ డాల్ఫిన్‌ని మెచ్చుకున్నారు, ఎన్నిసార్లు మెచ్చుకున్నారు. ఆయన జీవితంలో చేసిన అన్నిటికన్నా గొప్ప పని మాత్రం ఆ వేలు పెట్టిన చోట ఉంది, దాని గురించి ఒక్కళ్ళు కూడా ఒక్క మాట అనలేదు. ఎలా అంటారు? తెలిస్తే కదా. తెలియకుండా చెయ్యడమే ఆ పని. ఇప్పుడొక మనిషి టార్చి వేసి, కొలిచి, ఎలా చేశావని అడుగుతోంది. ఆయనకి సంతోషం ఆగడం లేదు. ఎదురుగా పిల్ల కళ్ళు వాచి ఉండగా ఇంత సంతోషం రావడం ఆయనకి ఇంకా సిగ్గుగా ఉంది.

"ముందు నన్ను తిట్టమ్మా," అన్నాడు. "తిట్టి, తర్వాత అడుగు."

"తిడతాను, ఆగండి. టీలో ఎన్నిసార్లు ముంచారు?"

"తొమ్మిది."

ఆమె రాసుకుంది. "డైరెక్టరు గారు తోక విప్పెయ్యమంటున్నారు. నేను వద్దన్నాను. రెండు జాతుల మధ్య గీత ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగే చోటు ఇది తప్ప నాకింకోటి కనబడలేదు. కొత్త పలక రాస్తాను. తల ఎవరిది, తోక ఎవరిది, ఎందుకు కలిపారు, ఎలా కలిపారు, అంతా."

"నా పేరు కూడానా?"

"మొదట మీదే."

ఎముకలాయన తలూపాడు. ఆమె కొలత పరికరం జేబులో పెట్టుకోబోయి పెట్టుకోలేదు. అతుకు మీద వేలు ఆనించి, అటూ ఇటూ రాసి చూసింది.

"మీరు ఈ పని కాస్త చెడగొట్టి ఉంటే నేను బాగుపడేదాన్ని మావయ్యా," అంది. ముక్కు ముంజేత్తో తుడుచుకుంది.

ఆయన రెండో నిచ్చెన మీద ఉన్నాడు, చెయ్యి చాపినా ఆమె తల అందదు. "నిజమేనమ్మా," అని మాత్రం అన్నాడు.

ఆమె నోటుబుక్కులో పేజీ తిప్పి, పైన నలభై రెండు అని వేసి కింద గీత గీసింది.

"తర్వాతి పూస చెప్పండి," అంది.

ఎముకలాయన వేలు పక్కకి జరిపాడు.